డబ్బా నవ్వులు

హైడెల్‌బర్గ్,
నవంబర్ 14, 2020

గిరిజకి,

ముందు నీ క్షేమం అడగాలి కాబట్టి అడుగుతున్నాను. బాగానే ఉండి ఉంటావు. ఈ వయసులో కొత్తగా కాపురం పెట్టే ఓపిక ఉన్నవాళ్ళకి ఏం లోటు?

సరయు చెప్పింది. అదీ నువ్వు దానికి చెప్పి చాలా రోజులయ్యాక, అది నా దగ్గర కాసేపు నీళ్ళు నమిలాక. ఎవరో అమెరికన్‌ని ఇంట్లో పెట్టుకున్నావట. అంతటితో ఆగకుండా టౌన్ ఆఫీసులో అతని చిరునామా కూడా నీ ఇల్లేనని ఆన్‌మెల్డుంగ్ చేయించి, గుమ్మం దగ్గర బెల్లు మీద ఇద్దరి పేర్లూ రాయించావట. గిరిజా, నీకు అరవై ఎనిమిది. ఈ ఏడు నాకు డెబ్బై ఐదు నిండాయి, నీ వయసు నేను మర్చిపోయే అవకాశం లేదు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డు రాలేవు.

ఆ మనిషి వివరాలు కూడా విన్నాను. రస్సెల్ అట. డెబ్బై రెండేళ్ళట. సైన్యంతో పాటు ఈ దేశం వచ్చి, సైన్యం వదిలేశాక కూడా ఇక్కడే ఉండిపోయి, వాళ్ళ బడి బస్సు నడిపాడట. సాయంత్రం కాగానే ఇద్దరూ సోఫాలో కూర్చుని, ఎప్పుడో నలుపు తెలుపు రోజుల్లో తీసిన టీవీ కామెడీలు చూస్తారట. అవి అయ్యాక పాత బేస్‌బాల్ ఆటలట. ఎవరు గెలిచారో యాభై ఏళ్ళ కిందటే తేలిపోయిన ఆటని చూస్తూ అతను గోళ్ళు కొరుక్కుంటాడట, నువ్వు పక్కన కూర్చుని చప్పట్లు కొడతావట. సరయు ఇదంతా ముచ్చటగా చెప్పింది. నా కూతురికి నా పోలిక ఒక్కటీ రాలేదు.

ఆ కామెడీలు నాకు తెలియనివి కావు. మొగుడు ఒక అబద్ధం ఆడతాడు, పెళ్ళాం అలమారలో దాక్కుంటుంది, పక్కింటివాడు తలుపు తట్టకుండా లోపలికొస్తాడు. మనకంటే ముందు డబ్బా నవ్వుతుంది. ఎక్కడ నవ్వాలో కూడా ఒకరు చెప్పాల్సిన జనం కోసం తీసినవి అవి. ఇక బేస్‌బాల్ సంగతి. ఒకడు నిలబడతాడు, ఉమ్మేస్తాడు, టోపీ సర్దుకుంటాడు, మళ్ళీ ఉమ్మేస్తాడు. చివరికి బంతి తగిలినా, గుండ్రంగా పరిగెత్తి బయలుదేరిన చోటికే వస్తాడు. దానికి వేలమంది లేచి నిలబడటం!

డాక్టర్ నరసింహం గారి చెల్లెలు బస్సు డ్రైవర్‌తో ఉంటోందని చెప్పుకోవడానికి ఈ ఊళ్ళో మన పాతవాళ్ళు ఎవరూ మిగల్లేదు. కొందరు పోయారు, కొందరు ఓల్డేజ్ హోముల్లో ఉన్నారు. మీ అన్నయ్య కూడా మూడేళ్ళ కిందటే వెళ్ళిపోయి ఈ మాట వినకుండా తప్పించుకున్నారు.

మా ఇంట్లో పైగది ఖాళీగా ఉంది. రేడియేటర్ కొత్తది వేయించాను. వచ్చి ఇక్కడ ఉండు. ఇలాంటి రోజుల్లో ఒకింటివాళ్ళు ఒకచోట ఉండటం మర్యాద. ఆ మనిషికి నచ్చజెప్పి పంపెయ్. బస్సు నడిపినవాడేగా, దారి తెలుస్తుంది.

మీ వదిన,
రాజ్యశ్రీ


బ్యోబ్లింగెన్,
డిసెంబర్ 6, 2020

వదినకి నమస్కారం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి రస్సెల్ కోసం ఇంగ్లీషులో చెబుతూ చదివాను. 'దారి తెలుస్తుంది' అన్న చోట అతను కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. మీరు రాసింది బాగుందనే అన్నాడు.

ఎలా జరిగిందో నేనే చెబుతాను, సరయు మీద పెట్టకండి. మొన్న ఏప్రిల్‌లో అన్నీ మూసేసినప్పుడు నడకకి మాత్రం వెళ్ళనిచ్చేవారు కదా. లాబ్ నుంచి నేను రిటైరయ్యాక అసలే మాటలు తక్కువ. ఆ రోజుల్లో బేకరీ అమ్మాయితో 'రెండు బ్రెట్సెల్' అనడమే రోజంతటికీ నా సంభాషణ. అడవి అంచున అమెరికన్ల పాత మైదానం ఒకటుంది. అక్కడ ఒక పొడుగాటి ముసలాయన గోడకేసి బంతి విసురుతూ, తనే వంగి ఏరుకుంటూ కనిపించేవాడు. నేను కంచె బయట నిలబడి చూసేదాన్ని. ఒకరోజు అతనే జర్మన్‌లో పలకరించాడు.

"మీరు రోజూ చూస్తున్నారు, నేను రోజూ వంగుతున్నాను. నడుము పోతోంది. కాస్త అటు నిలబడి తిరిగి విసురుతారా?"

"ఎంత దూరంలో నిలబడాలి?" అన్నాను.

"ఒకటిన్నర మీటరు కంటే ఎక్కువే. పోలీసులు కూడా మెచ్చుకుంటారు," అన్నాడు.

అలా మొదలైంది. చలి మొదలై, ఒకరింటికి ఇంకొకరు వెళ్ళడానికి కూడా లెక్కలు పెట్టాక, రెండిళ్ళు ఎందుకని ఒక ఇల్లు చేశాం.

బేస్‌బాల్ నాకు అతను నేర్పలేదు వదినా. నేను హైడెల్‌బర్గ్ వచ్చిన కొత్తలో, మీరూ అన్నయ్యా ఆదివారం కూడా డ్యూటీకి వెళ్తే, సరయుని బండిలో కూర్చోబెట్టుకుని అమెరికన్ క్వార్టర్ల వైపు తోసుకెళ్ళేదాన్ని. సిపాయిలు ఆడుతుండేవారు. నాకు జర్మన్ రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆ కంచె దగ్గర మాత్రం ఏం జరుగుతోందో తెలిసేది. లావుపాటి సిపాయి ఒకతను ఎప్పుడు కొట్టినా బంతి నిట్టనిలువుగా పైకి లేచేది. అతను తల ఎత్తి దాన్నే చూస్తూ పరిగెత్తడం మర్చిపోయేవాడు. ఒకరోజు ఉండబట్టలేక, "పరిగెత్తరా నాయనా!" అని తెలుగులో అరిచాను. అందరూ వెనక్కి తిరిగారు. అతను నిజంగానే పరిగెత్తాడు. ఈ దేశంలో నేను గొంతెత్తి మాట్లాడింది ఆ రోజే మొదలు.

కామెడీలూ అప్పటివే. మీ పై వాటాలో అద్దెకుండే అమెరికన్ దంపతులు వాళ్ళ దేశం వెళ్ళిపోతూ నాకు వాళ్ళ టీవీ ఇచ్చి వెళ్ళారు, బరువైన ట్రాన్స్‌ఫార్మర్‌తో సహా. సైన్యం వాళ్ళ చానల్ మన టీవీలో వచ్చేది కాదు, దాన్లోనే వచ్చేది. సెల్లార్‌లో ఇస్త్రీ బల్ల పక్కన పెట్టుకుని చూసేదాన్ని. మొదట్లో ఒక్క మాట అర్థమయ్యేది కాదు. వాళ్ళు నవ్వగానే ఇస్త్రీ పెట్టె నిలబెట్టి నేనూ నవ్వేదాన్ని. తర్వాత తర్వాత, వాళ్ళకంటే ముందే నవ్వడం మొదలైంది. అప్పుడు తెలిసింది నాకు ఇంగ్లీషు వచ్చేసిందని.

పైగది నాకు తెలుసు. రాను. చలి ఎక్కువగా ఉంది, జాగ్రత్తగా ఉండండి.

గిరిజ


హైడెల్‌బర్గ్,
జనవరి 17, 2021

గిరిజకి,

నేను మత్తు డాక్టర్‌గా ఒక ఆపరేషన్ థియేటర్ నిండా మగవాళ్ళ మధ్య నిలబడి, వాళ్ళ వెక్కిరింపులు భరిస్తూ పనిచేస్తుంటే, నువ్వు నా కూతుర్ని బండిలో పెట్టుకుని సిపాయిలని చూసి అరిచావన్నమాట. ఇప్పటిదాకా నాకు తెలియదు. తెలియకుండా ఉంటేనే బాగుండేది.

సరే, ఒక సంగతి చెప్పు. ఆ ముసలాయనకి నీ దగ్గర ఏం కావాలి? నేను ఆస్పత్రిలో జీవితమంతా చూశాను. భార్య పోయిన మగవాళ్ళూ, భార్య వదిలేసిన మగవాళ్ళూ మొదటి దగ్గుకే దొరికిన చేయి పట్టుకుంటారు. డెబ్బై దాటాక మగవాడికి పుట్టేదాన్ని ప్రేమ అనరు. మందులు వేయడం, స్నానం చేయించడం, పక్క మార్చడం, వీటికి ఈ దేశంలో ఫ్లేగె అని చక్కటి పేరుంది. మనిషిని పెట్టుకుని జీతమిచ్చి చేయించుకోవాల్సిన పని అది. దాన్ని ఉచితంగా చేయించుకోబోతున్నాడు కాబట్టి ముందుగా నిన్ను నవ్విస్తున్నాడు. అసలు కామెడీ అది. అదొక్కటే నీకు అర్థం కావడం లేదు.

పాత ఆటలు, పాత నవ్వులు! ముందు చూడ్డానికి ఏమీ లేనివాళ్ళే అలా వెనక్కి తిరిగి కూర్చుంటారు. అక్కడ తెలుగువాళ్ళు లేరా? బ్యోబ్లింగెన్ ఆఫీసుల నిండా బ్లూ కార్డ్ వీసా మీద వచ్చిన పిల్లలేనటగా. వాళ్ళనీ నేను గొప్పవాళ్ళనుకోను. కంప్యూటర్ ముందు కూర్చుని, చిన్నప్పటి పుల్లఐసు తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకునే రకం. అయినా వాళ్ళతో కనీసం తెలుగులో మాట్లాడొచ్చు.

నేను ఖాళీగా కూర్చోలేదు. టీకా కేంద్రానికి రిటైరైన డాక్టర్లు కావాలని ప్రకటన వస్తే వెళ్ళాను. నాకు మొదటి సూది కూడా అక్కడే వేశారు. వచ్చే ముసలివాళ్ళలో పెద్ద పెద్ద ప్రొఫెసర్లున్నారు, ఒక్కరికీ చొక్కా చేయి మడవడం రాదు. నేను లేకపోతే ఆ వరస కదలదు.

గది ఇంకా ఖాళీగానే ఉంది.

రాజ్యశ్రీ


బ్యోబ్లింగెన్,
ఫిబ్రవరి 21, 2021

వదినా,

ఈసారి మీ ఉత్తరం రస్సెల్‌కి చదివి వినిపించలేదు. అతను నవ్వే భాగాలు అందులో లేవు.

జీతం లేని చాకిరీ ఎలా ఉంటుందో మీరు నాకు నేర్పనక్కర్లేదు. ఎక్కడ నేర్చుకున్నానో మీకే తెలియాలి. నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు, చదివిస్తామని చెప్పి నన్ను ఈ దేశం తీసుకొచ్చారు. వచ్చిన మర్నాటి నుంచి సరయు నా చంకలో ఉంది. నాకు అది బరువనిపించలేదు, ఆ పిల్ల నా ప్రాణం. కానీ ఇంటికి వచ్చిన వాళ్ళకి మీరు నన్ను 'మా ఇంట్లో ఉంటుంది' అని పరిచయం చేసేవారు. ఆడపడుచు అన్న మాట మీ నోట రాగా నేను వినలేదు.

ఆ టీవీ ఏమైందో నేను పోయిన ఉత్తరంలో రాయలేదు. మీరూ అడగలేదు. సరయుని పార్కుకి తీసుకెళ్ళి వచ్చేసరికి, అది పాత సామాన్లు తీసుకుపోయే ష్పెర్‌మ్యుల్ కుప్పలో, కాలిబాట మీద, వర్షంలో తడుస్తూ ఉంది. నేను ఏడుస్తూ ఎందుకని అడిగాను. "ఆ డబ్బా నవ్వులు ఇంట్లో పనివాళ్ళని పాడుచేస్తాయి," అన్నారు మీరు. మీ ఇంట్లో పనివాళ్ళెవరూ లేరు వదినా. నేనే ఉన్నాను.

మర్నాడే లాబ్ కోర్సుకి దరఖాస్తు పెట్టాను. అన్నయ్య సంతకం పెట్టాడు, మీరు నెల్లాళ్ళు మాట్లాడలేదు. బ్యోబ్లింగెన్‌లో ఉద్యోగం దొరికాక నేను ముందు కొన్నది టీవీ.

ఇంకో మాట. టీకా కేంద్రంలో మీరు లేకపోతే వరస కదలదని రాశారు. సరయు వేరేలా చెప్పింది. మాస్కులు పెట్టుకున్నవాళ్ళ మాటలు మీకు వినపడక, ఒకరి ప్రశ్నకి ఇంకొకరికి జవాబు చెబుతుంటే, రెండు రోజులకే దండం పెట్టి ఇంటికి పంపేశారట. వినికిడి తగ్గి చాలా కాలమైందట. ఇన్నాళ్ళూ పెదాల కదలిక చూసి నెట్టుకొచ్చారట. కాగితం మీదైతే నేను అడ్డు రాలేనని రాశారే, అసలు కారణం అది కాదన్నమాట.

ఇప్పుడు నాకు ఒక సంగతి చెప్పండి. పైగదిలోకి నన్ను రమ్మంటున్నది మన ఇంటి పరువు కోసమా, ఫోన్ ఎత్తడానికి మనిషి లేకనా?

గిరిజ


బ్యోబ్లింగెన్,
ఏప్రిల్ 11, 2021

వదినా,

మార్చి అంతా మీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. నేను ఇలా రాయాల్సి వస్తుందనుకోలేదు.

రస్సెల్‌కి కరోనా వచ్చింది. టీకాకి ఇచ్చిన టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, వారం రోజుల్లో ఉందనగా వచ్చింది. ఊపిరి అందక శుక్రవారం అంబులెన్స్‌లో తీసుకెళ్ళారు. తొందరలో ఫోన్ చార్జర్ ఇక్కడే ఉండిపోయింది, అతని ఫోన్ ఆగిపోయింది. నాకూ పాజిటివ్. జ్వరం పెద్దగా లేదు గాని క్వారంటైన్‌లో ఉన్నాను, గుమ్మం దాటకూడదు.

ఆస్పత్రికి ఎన్నిసార్లు ఫోన్ చేసినా, "మీరు అతనికి ఏమవుతారు?" అంటున్నారు. ఏమని చెప్పను? కలిసి ఉంటున్నామంటే, కుటుంబ సభ్యులకే చెబుతామంటున్నారు. వాళ్ళ దగ్గర రాసి ఉన్నది అమెరికాలో ఉన్న కూతురి పేరు. ఆ అమ్మాయి తండ్రితో మాట్లాడి చాలా ఏళ్ళయింది. నేను రాసిన మెసేజ్‌కి జవాబు లేదు.

ఉన్నాడో లేడో కూడా నాకు తెలియదు వదినా.

మీరు డాక్టర్. మీరు రాస్తే, మీ పేరు చూసి ఏమైనా చెబుతారేమో. నేను ఫిబ్రవరిలో రాసింది మనసులో పెట్టుకుంటే పెట్టుకోండి. ఇది మాత్రం చేయండి. ఉత్తరం పక్కింటావిడ పోస్ట్ చేస్తానంది, సంచిలో కట్టి బాల్కనీ నుంచి కిందికి దించుతున్నాను.

గిరిజ


బ్యోబ్లింగెన్,
మీ ఇంటి ఎదురుగా ఉన్న బెంచీ,
ఏప్రిల్ 13, 2021, మధ్యాహ్నం

గిరిజా,

ఉన్నాడు. ముందు ఆ మాట చదివి కూర్చో, మిగతాది తర్వాత చదువు.

నీ ఉత్తరం ఈ ఉదయం అందింది. ఉత్తరానికి ఉత్తరం రాసి వాళ్ళ జవాబు కోసం కూర్చోవడం నా వల్ల కాదు, అందుకని రైలెక్కాను. పెట్టెలో నేనూ, తుమ్ముతున్న ఒక పెద్దమనిషీ. అతన్ని వేరే పెట్టెలోకి పంపేశాను.

ఆస్పత్రి గుమ్మం ముందు గుడారం వేశారు. సెక్యూరిటీ మనిషి ఏదో అన్నాడు. మాస్కులోంచి ఏం వినపడుతుంది? "నాకు చెవుడు. పైనుంచి డాక్టర్‌ని పిలువు," అన్నాను. చెవుడు అన్న మాట బయటివాళ్ళతో అనడం ఇదే మొదలు. అది ఇంత పనికొస్తుందని తెలిస్తే ముందే అనేదాన్ని.

చాలాసేపటికి ఒక కుర్ర డాక్టర్ దిగొచ్చాడు. నిద్రలేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వాడి పెదాలు కనపడవు కాబట్టి కాగితం ఇచ్చి రాయమన్నాను. 'కుటుంబ సభ్యులకు మాత్రమే' అని రాశాడు.

"ఆ మనిషికి స్పృహ ఉందా?" అన్నాను.

తలూపాడు.

"మరి అతన్నే అడిగావా, ఎవరికి చెప్పమంటావని?"

తల అడ్డంగా ఊపాడు.

"బాబూ, నువ్వు పుట్టకముందు నుంచి నేను వెంటిలేటర్లు నడిపాను. పేషెంట్ మాట్లాడగలిగితే ముందు పేషెంట్‌ని అడగాలి. ఇది మొదటి ఏడాదిలో చెబుతారు. వెళ్ళి అడిగి రా. నేను ఇక్కడే నిలబడతాను. నా వయసు డెబ్బై ఐదు, నిలబడి పడిపోతే నీకు ఇంకో మంచం కావాల్సి వస్తుంది."

వెళ్ళాడు. మర్యాదస్తుడే. తిరిగొచ్చి ఒక పేజీ రాసిచ్చాడు, ఈ ఉత్తరంతో పెడుతున్నాను. సారాంశం చెబుతాను, నీ దగ్గర దాచేది లేదు. రెండు ఊపిరితిత్తులూ బాగా దెబ్బతిన్నాయి. ముక్కు గొట్టంతో ఎక్కువ ఆక్సిజన్ పెడుతున్నారు. బోర్లా పడుకోబెడుతున్నారు. వెంటిలేటర్ పెట్టలేదు. నిన్నటికంటే ఈ రోజు నయం. ఇంకో నాలుగైదు రోజులు గడిస్తే గాని నేనైతే ఏమీ చెప్పను, వాళ్ళూ చెప్పలేరు. ఇక నుంచి రోజూ సాయంత్రం నీకు ఫోన్ చేస్తారు. గిరికి అన్నీ చెప్పమన్నాడట. నిన్ను గిరి అంటాడన్నమాట, పర్వతంలా.

కింద ఎవరో వచ్చి గొడవ చేస్తున్నారని డాక్టర్ చెబితే, "ఓ, జనరల్ వచ్చిందా" అన్నాడట. ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని నవ్వాడట కూడా. మీరిద్దరూ నా వెనకాల నన్ను జనరల్ అనుకుంటున్నారని ఒక జర్మన్ డాక్టర్ రాతలో చదవాల్సి వచ్చింది.

ఈ కాగితాలు మీ పోస్ట్ డబ్బాలో వేస్తాను. పక్కింటావిడకి సైగ చేసి చెప్పాను, సంచిలో పెట్టి నీకు అందిస్తుంది. అతని చార్జర్ అదే సంచిలో కిందికి దించు, వెళ్తూ ఆస్పత్రిలో ఇచ్చి పోతాను.

ఇప్పుడే బాల్కనీలోకి వచ్చావు. దుప్పటి కప్పుకుని, చిక్కిపోయి ఉన్నావు. పైనుంచి దండాలు పెట్టకు, వీధిలో జనం చూస్తున్నారు. లోపలికి వెళ్ళి ఏదైనా తిను.

రాజ్యశ్రీ


బ్యోబ్లింగెన్,
మే 23, 2021

వదినా,

రస్సెల్ ఇంటికి వచ్చాడు. సగం మనిషయ్యాడు. మెట్లు ఎక్కలేడు, మాట మధ్యలో ఆగి గాలి పీల్చుకుంటాడు. ఆక్సిజన్ యంత్రం సోఫా పక్కన పెట్టాం. టీవీలో వాళ్ళు నవ్వుతుంటే ఇతను చేయెత్తి ఆగమంటాడు, నవ్వితే దగ్గు వస్తుంది. అందుకని కామెడీలు మానేసి బేస్‌బాల్ మాత్రం పెడుతున్నాను. దాన్లో ఎక్కువ సేపు ఏమీ జరగదు కదా, మీరన్నట్టు. అతనికి అదే బాగుంది.

స్నానం నేనే చేయిస్తున్నాను. మందులు నేనే వేస్తున్నాను. ఆ పనికి మీరు చెప్పిన పేరు నాకు గుర్తుంది. మొన్న అతను, "నిన్ను ఈ పనికోసం తెచ్చుకోలేదు గిరీ," అని ఏడ్చాడు. నేను కసిరాను. మంచాన పడింది నేనైతే అతను చేసేవాడు. ఇది మీకు రుజువు చేసి చూపించడం నా వల్ల కాదు, చూపించాలని కూడా లేదు.

ఆ రోజు మీరు రాకపోతే ఏమయ్యేదో. కృతజ్ఞతలు రాయడం నాకు రాదు, తీసుకోవడం మీకు రాదు. ఇక్కడితో వదిలేద్దాం.

గిరిజ


హైడెల్‌బర్గ్,
జూన్ 8, 2021

గిరిజకి,

కృతజ్ఞతలు నేను అడగలేదు. అడగనివాటి గురించి పేజీ నింపడం నీకు అలవాటు.

పనికొచ్చే మాట చెబుతాను. అతన్ని పెళ్ళి చేసుకో. నా అభిప్రాయం మారిందనుకోకు. ఆ మనిషి మీద నాకు గౌరవం లేదు, ఆ ఆట మీదా లేదు, ఆ కామెడీల మీద అసలే లేదు. కానీ ఆ ఊపిరితిత్తులతో మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళడం ఖాయం. వెళ్ళినప్పుడు ఎవరో ఒకరు గుమ్మం దగ్గర నిలబడి, నువ్వు ఏమవుతావని అడుగుతారు. చట్టంలో ఏముందో వేరే సంగతి. అక్కడ కూర్చున్నవాళ్ళకి 'భార్య' అన్న ఒక్క మాట చాలు. ప్రతిసారీ నేను రైలెక్కి రాలేను.

పెళ్ళిళ్ళు రిజిస్టర్ చేసే ష్టాండెసామ్ట్‌లో ఇప్పుడే అడుగు. అమెరికన్ కాగితాలంటే నెలలు పడుతుంది. ఆలస్యం చెయ్యకు.

రాజ్యశ్రీ


బ్యోబ్లింగెన్,
జులై 4, 2021

వదినా,

మీ ఉత్తరం చదివి కోపంతో చింపేద్దామనుకున్నాను. పోయిన నవంబర్‌లో అతన్ని పంపెయ్ అని ఆర్డరు. ఈ జూన్‌లో పెళ్ళి చేసుకో అని ఆర్డరు. నేను ఎవరితో ఉండాలో, ఏ గదిలో ఉండాలో, దేనికి నవ్వాలో చెప్పే హక్కు మీకు ఎవరిచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు. మీరు చెప్పారని మాత్రం నేను పెళ్ళి చేసుకోను. ఇది స్పష్టంగా రాస్తున్నాను, చదివి పక్కన పెట్టండి.

రస్సెల్ పోయిన వేసవిలోనే అడిగాడు. అప్పుడు నేను వద్దన్నాను. ఒకరి ఇంట్లో ఒకరిగా చాలా ఏళ్ళు ఉన్నాను, బెల్లు మీద నా పేరు నాదిగా ఉండటం నాకు ఇష్టమని చెప్పాను. సరే అన్నాడు, మళ్ళీ ఎత్తలేదు.

మొన్న ఆదివారం నేనే అడిగాను. వంటింట్లో కుర్చీలో కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. రెండు తీసి ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ తీస్తున్నాడు.

"రస్సెల్, మనం పెళ్ళి చేసుకుందామా?" అన్నాను.

"ఇప్పుడా? ఈ యంత్రంతోనా?" అన్నాడు.

"నువ్వు లోపలా నేను బయటా మళ్ళీ ఉండలేను. ఆ నాలుగు రోజులు నాకు మళ్ళీ వద్దు."

అతను కత్తి కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. తర్వాత, "జనరల్ ఒప్పుకుంటుందా?" అన్నాడు. ఇద్దరం నవ్వాం. అతనికి దగ్గు వచ్చింది, నేను వీపు నిమిరాను. అదీ మా నిశ్చితార్థం.

కాగితాలు వస్తే అక్టోబర్‌లో. అతని కూతురు ఫోన్ చేసింది, రాలేనని చెప్పింది, కానీ చేసింది. నా తరఫు సాక్షిగా రావాలంటే మీరు రండి. పెద్దరికం చూపించడానికైతే వద్దు. నా అన్నయ్య భార్యగా రండి.

గిరిజ


హైడెల్‌బర్గ్,
అక్టోబర్ 10, 2021

గిరిజకి,

క్షేమంగా చేరాను. రైలు ఆలస్యం, ఎప్పటిలాగే.

ముందు తప్పులు రాస్తాను. ఆకుపచ్చ కంచిపట్టు మీద అమెరికన్ల బేస్‌బాల్ జాకెట్ వేసుకుని ఏ పెళ్ళికూతురూ ష్టాండెసామ్ట్‌కి వెళ్ళదు. చలిగా ఉందన్నావు. శాలువాలు ఎందుకున్నాయి? అతని టై మీద బంతులూ బ్యాట్లూ ఉన్నాయి. డెబ్బై మూడేళ్ళ మనిషి! ఆ ఆఫీసరమ్మ నిన్ను మూడుసార్లు గిరియా, గిరియా అంది. నువ్వు నవ్వుతూ ఊరుకున్నావు. నేను లేచి నిలబడి దిద్దాను, లేకపోతే ఇంకెవరో గిరియాకి పెళ్ళయిపోయేది. అందరూ మాస్కుల్లో ఉంటే ఆ పేరు తప్ప నాకు ఒక్క మాట వినపడలేదు. వేలు చూపించిన చోట సంతకం పెట్టాను. ఆవిడ నన్ను 'మీరు ఆమెకి ఏమవుతారు' అని కాగితం మీద రాసి అడిగింది. 'ఈమె నా ఆడపడుచు' అని తెలుగులో రాసి, కింద జర్మన్‌లో కూడా రాశాను.

కేకులో చక్కెర ఎక్కువ. అతను కాల్చిన సాసేజులు నేను ముట్టుకోలేదు, నువ్వు చేసిన పులిహోరలో ఉప్పు తక్కువ.

తర్వాత మీ సోఫాలో నన్ను మధ్యన కూర్చోబెట్టి ఆ కామెడీ పెట్టారు. మర్యాదగా వద్దన్నా వినలేదు. కొత్త చెవి మిషన్ గరగరలాడుతుంటే తీసి బ్యాగులో వేసుకున్నాను. కాబట్టి నేను చూసింది బొమ్మలే. ఒక లావాటాయన నిచ్చెన ఎక్కాడు, దిగాడు, మళ్ళీ ఎక్కాడు. దాన్లో ఏముందో నాకు తెలియలేదు. తెలియక పక్కకి తిరిగి నిన్ను చూశాను.

నువ్వు నోరు తెరిచి, కళ్ళు మూసుకుని, మోకాలి మీద కొట్టుకుంటూ నవ్వుతున్నావు. జాకెట్ జారిపోయింది, పట్టించుకోలేదు. అటుపక్కన అతను దగ్గు రాకుండా గుండె పట్టుకుని నిన్నే చూస్తున్నాడు. టీవీ వైపు చూడటం లేదు. నాకేమీ వినపడటం లేదు గిరిజా. నీ మొహం ఒక్కటే కనిపిస్తోంది. మా ఇంట్లో ఉన్నన్నాళ్ళలో, ఆ తర్వాత ఇన్ని పండగలకీ పుట్టినరోజులకీ వచ్చి వెళ్ళినన్నాళ్ళలో, ఆ మొహం నేను ఒక్కసారి కూడా చూడలేదు. రైల్లో వస్తున్నంతసేపూ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ఒక్కసారి కూడా లేదు.

ఆ కార్యక్రమం మాత్రం చెత్త. అందులో సందేహం లేదు.

వచ్చే ఆదివారం రెండు గంటల బండికి వస్తున్నాను. స్టేషన్‌కి అతన్ని పంపకు, దూరం నుంచే చేతులూపి అందరూ చూసేలా చేస్తాడు. నువ్వే రా.

రాజ్యశ్రీ